జానెడు లెన్సు

ఎనిమిది లక్షల షిల్లింగులు.
వింటే మేడ కట్టొచ్చనిపిస్తుంది.
కంపాలాలో కిబిరిగే కొట్టు మెట్లెక్కేసరికి
అవి ఒక పాత కెమెరా, ఒక పాత లెన్సు,
తిరుగు టాక్సీ ఖర్చు.

పద్నాలుగు నెలలు చీటీ కట్టాను,
పడవలు నడిపే ఆడవాళ్ళం తొమ్మండుగురం.
నా వంతు వచ్చిన రోజు
పడవకి మోటారు కొంటాననుకున్నారంతా.
నేనూ కాదనలేదు.

అద్దాల బీరువాలో
పై అరలో తెల్లటి బారెడు లెన్సు.
ధర అడగలేదు.
ధర అడగడానికీ ఒక అంతస్తుండాలి.
అయినా దాన్ని నేనెరుగుదును.
మబాంబా చిత్తడిలో ఎన్ని పొద్దులు
నా పడవ ముక్కున కూర్చుందో,
పసిబిడ్డలా తువ్వాలు చుట్టుకుని.
తడిస్తే నీ పడవ అమ్మినా తీరదని
ఒకాయన నవ్వుతూనే అన్నాడు.
ఆ పూట తెడ్డు
నీళ్ళలో వేసినట్టు లేదు, గాజులో వేసినట్టుంది.

కిబిరిగే రెండు తీసి బల్ల మీద పెట్టాడు.
ఒకటి కొత్తది, చిన్నది, ఏడాది గ్యారంటీ.
చంద్రుడి మీద గుంటలు కూడా కనిపిస్తాయన్నాడు.
చంద్రుడితో నాకేం పని?
కొట్టు బయట దీపస్తంభం మీద
మరబూ కొంగ ఒకటి చెత్తబండి కోసం కాచుకునుంది.
దాని మీద గురిపెట్టి నొక్కాను.
కెమెరా ఆలోచించింది.
ఆలోచించడం అయ్యేలోపు కొంగ తల తిప్పేసుకుంది.

రెండోది బరువు. అంచుల్లో నల్లరంగు పోయి
ఇత్తడి బయటపడింది, ఎవరి వేళ్ళో అరిగినచోట.
జానెడు లెన్సు.
వెలుతురుకి ఎత్తి చూస్తే
లోపల ఎడమ మూల సాలెగూడంత బూజు.
"బూజు ఊరికే ఇస్తున్నాగా" అన్నాడు కిబిరిగే.
"అయితే దాని అద్దె యాభై వేలు తగ్గించు" అన్నాను.
తగ్గించాడు.
స్టాండుకి డబ్బుల్లేవు.
పిండి సంచిలో ఇసుక పోసుకుంటానన్నాను.

బారెడు లెన్సులు ఎందుకో నాకు తెలుసు.
దగ్గరికి వెళ్ళడం రానివాళ్ళు
దూరాన్ని డబ్బిచ్చి కొనుక్కుంటారు.
నేను మిగతా దూరాన్ని తెడ్డుతో కొంటాను.
మరీ దగ్గరికి కాదు.
బుల్వే పక్షి నీళ్ళను వదిలి
నావైపు చూసిందా, ఒక బారు వెనక్కి.

మా నాన్న దాన్ని చూస్తే తెడ్డెత్తేవాడు.
బూటులాంటి ఆ ముక్కు ఎదురైతే
వల ఖాళీగా లేస్తుందని.
వల చాలాసార్లు ఖాళీగానే లేచింది,
పక్షి ఎదురైనా, కాకున్నా.
ఇప్పుడు నంబూజే బడి ఫీజు
ఆ పక్షే కడుతోంది.

మొదటి పొద్దు, ఒక్కదాన్నే.
పాపిరస్ మధ్య సందులో అది నిలబడి ఉంది,
ఎవరో మరిచిపోయిన గొడుగులా.
అప్పుడు తెలిసింది
తెడ్డుకి రెండు చేతులు కావాలి,
కెమెరాకీ రెండు చేతులు కావాలి.
పద్నాలుగు నెలల లెక్కలో
చేతుల లెక్క వేసుకోలేదు నేను.
ఇన్నేళ్ళూ అవి వాళ్ళకి రెండు, నాకు రెండు.

పడవ అడ్డం తిరిగింది. పక్షి ఎగిరిపోయింది.
ఆ రోజు ఫోటోల్లో ఉన్నది నా మోకాలు.

తొమ్మిదో పొద్దుకి కనిపెట్టాను.
తెడ్డు ఒళ్ళో పెట్టుకున్నాక
పడవ తన ఊపు మీద
పదకొండు లెక్కపెట్టేదాకా తిన్నగా పోతుంది.
గాలి లేకపోతే పన్నెండు.
ఆ పదకొండూ నావి.
ఒకటికి మూత తీయాలి,
నాలుగుకి ఇసుక సంచి మీద ఆనించాలి,
ఏడుకి ఊపిరి బిగబట్టాలి.
ఎనిమిదికి అది బురదలోకి పడింది,
ఒళ్ళంతా ముక్కే అయినట్టు.
లేచేసరికి ముక్కు నిండా
చేప, నాచు, నీళ్ళు.
నొక్కాను.

ఎంటెబ్బేలో టీ దుకాణం గోడకి
ఆ బొమ్మ వేలాడదీశారు.
ఎడమ మూల పొగమంచు ఎంత బాగుందో అని
ఎవరో ఒకామె చాలాసేపు చూసింది.

అది యాభై వేలు తగ్గిన బూజని
నేను చెప్పలేదు.